ఉపకారం కాదు, రక్షణ వ్యవస్థ: ఉత్తర కెనడా తీరంలో మూలవాసి విద్యార్థుల ఉద్యోగాలు

కెనడా ఉత్తర తీరంలో సముద్ర ప్రమాదాలకు చిక్కినవారిని కాపాడే పడవలపై మూలవాసి విద్యార్థులను వేసవి ఉద్యోగులుగా నియమించే పద్ధతిపై ఆ దేశపు విధాన చర్చల్లో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ ఉద్యోగాలు ప్రధానంగా యువజన సంక్షేమానికి ఉద్దేశించినవనీ, చదువుకునే పిల్లలకు నాలుగు నెలల జీతం, కొంత అనుభవం, కొంత ఆత్మవిశ్వాసం కలిగించడమే వాటి ప్రయోజనమనీ, అసలైన రక్షణ బాధ్యతను విమానాలు, మంచును చీల్చే నౌకలు, పూర్తికాలపు వృత్తి నిపుణులు మాత్రమే మోయగలరనీ ఆ అభిప్రాయం చెబుతుంది. దీని విశేషమేమిటంటే, ఈ ఉద్యోగాలను మెచ్చుకునేవారు, ఎగతాళి చేసేవారు ఇద్దరూ దీనినే నమ్ముకున్నారు. ఒకరు ఇది ఉదారమైన అవకాశమని పొగుడుతారు, మరొకరు ఇది ఫొటోల కోసం జరిపే తంతు అని కొట్టిపారేస్తారు. ఈ ఉద్యోగాలు విద్యార్థులకు చేసే ఉపకారమన్న మూల భావనను మాత్రం ఇద్దరూ ప్రశ్నించరు. ఆ మూల భావనే తప్పు. ఉత్తర తీరపు దూరాలను, చలిని, అక్కడి చరిత్రను కలిపి చూసినప్పుడు, స్థానిక యువతీయువకులు నడిపే చిన్న పడవ ఆ రక్షణ వ్యవస్థలో మొదటి అంగమని తేలుతుంది; దానిని ఉపకారమని పిలవడం వల్లనే అందులోని నిజమైన లోపాలు ఇంతకాలం విచారణకు రాకుండా తప్పించుకున్నాయి.

ముందుగా చర్చకు ఆధారమైన వ్యవస్థ ఏమిటో చెప్పుకోవాలి. 1962లో ఏర్పడిన కెనడా కోస్ట్ గార్డ్, అంటే ఆ దేశపు తీర రక్షక దళం, 1970ల నుంచి తీరానికి దగ్గరగా పనిచేసే రక్షణ పడవల కార్యక్రమాన్ని నడుపుతున్నది. చిన్న పడవల రద్దీ పెరిగే వేసవి నెలల్లో, కళాశాలల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ చదివే విద్యార్థులను ఎంపిక చేసి, పడవ నడపడం, ప్రథమ చికిత్స, రేడియో సంభాషణ, గాలింపు పద్ధతుల్లో శిక్షణ ఇచ్చి, వేగంగా దూసుకుపోయే రబ్బరు అంచుల గట్టి పడవలతో తాత్కాలిక కేంద్రాల్లో నిలుపుతారు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఈ కేంద్రాలు దక్షిణాన మహా సరస్సుల మీద, అట్లాంటిక్, పసిఫిక్ తీరాల మీద మాత్రమే ఉండేవి. 2016 నవంబరులో 150 కోట్ల కెనడా డాలర్ల వ్యయంతో ప్రకటించిన సముద్ర పరిరక్షణ ప్రణాళికలో భాగంగా, 2018 వేసవిలో, హడ్సన్ అఖాతపు పశ్చిమ తీరాన నునావుట్ భూభాగంలోని రాంకిన్ ఇన్లెట్ అనే ఊళ్లో ఆర్కిటిక్ ప్రాంతపు మొట్టమొదటి కేంద్రం తెరుచుకున్నది. అందులో పనిచేసేందుకు ఉత్తరాదికి చెందిన మూలవాసి విద్యార్థులను తీసుకున్నారు.

ప్రచారంలో ఉన్న అభిప్రాయంలోని మొదటి పక్షపాతం ఇక్కడే బయటపడుతుంది. మహా సరస్సుల ఒడ్డున ఇరవై ఏళ్ల దక్షిణాది విద్యార్థి పడవ ఎక్కి మునిగిపోతున్న కుటుంబాన్ని లాగినప్పుడు దానిని రక్షణ సేవ అన్నారు. అదే కార్యక్రమం కింద, అదే తరహా పడవ మీద ఉత్తరాది మూలవాసులైన ఇన్యూట్ ప్రజలకు చెందిన విద్యార్థి నిలబడినప్పుడు దానిని యువతకు దక్కిన అవకాశం అంటున్నారు. మొదటి సందర్భంలో లెక్కలోకి వచ్చింది కాపాడబడినవారి ప్రాణం, రెండో సందర్భంలో లెక్కలోకి వచ్చింది ఉద్యోగం పొందినవారి అదృష్టం. ఒకే పనికి రెండు కొలతలు పెట్టే ఈ ధోరణికి పనిలో తేడా కారణం కాదు. పనిచేసేవారు సేవ అందించే స్థానంలో కాక సేవ అందుకునే స్థానంలోనే ఉంటారన్న పాత అలవాటు కారణం.

వృత్తి నిపుణులే చాలు అన్న వాదాన్ని భూగోళమే నిలవనివ్వదు. నునావుట్ విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. 2021 జనగణన ప్రకారం అందులో నివసించేవారు 36,858 మంది, వారిలో నూటికి 85 మంది దాకా ఇన్యూట్ ప్రజలు. అక్కడి 25 ఊళ్లలో ఒకటి తప్ప అన్నీ సముద్ర తీరాన ఉన్నాయి, ఒక ఊరి నుంచి మరో ఊరికి రహదారి లేదు. వేట, చేపలు పట్టడం, బంధువుల ఊళ్లకు ప్రయాణం అన్నీ మంచు కరిగిన నెలల్లో చిన్న పడవల మీదే జరుగుతాయి. ఈ ప్రాంతంలో ప్రమాదం జరిగితే గాలింపు విమానాలను కదిలించే ఉమ్మడి సమన్వయ కేంద్రం దక్షిణ ఒంటారియోలోని ట్రెంటన్‌లో ఉంది. ఆ విమానాల స్థావరాలు కూడా ట్రెంటన్, విన్నిపెగ్, గ్రీన్‌వుడ్, గాండర్, కోమాక్స్ వంటి దక్షిణాది చోట్లే ఉన్నాయి తప్ప ఆర్కిటిక్‌లో శాశ్వతంగా నిలిపిన గాలింపు విమానం ఒక్కటీ లేదు. విన్నిపెగ్ నుంచి రాంకిన్ ఇన్లెట్‌కు సుమారు 1,500 కిలోమీటర్లు, ట్రెంటన్ నుంచి 2,000 కిలోమీటర్లకు పైనే. పని వేళల్లో అరగంటలోనూ, మిగతా వేళల్లో రెండు గంటల్లోనూ విమానం నేల విడవాలన్న నియమం ఉంది. ఆ సమయాన్ని కూడా కలుపుకుంటే, గంటకు 500 కిలోమీటర్లకు పైగా ఎగిరే హెర్క్యులిస్ విమానం రావడానికి మూడు గంటల నుంచి ఆరు గంటలకు మించి పడుతుంది; వచ్చినా అది నీటిలో ఉన్నవారిని పైకి లాగలేదు, తెప్పలను జారవిడవగలదు, పారాచూట్లతో మనుషులను దింపగలదు. మనిషిని నీటి నుంచి ఎత్తగల హెలికాప్టర్ ఇంకా నెమ్మదిగా, మధ్యలో ఇంధనం నింపుకుంటూ రావాలి.

ఈ గంటలను చన్నీటిలో పడిన దేహానికి మిగిలే సమయంతో పోల్చాలి. మానిటోబా విశ్వవిద్యాలయంలో శరీరంపై చలి ప్రభావాన్ని పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం, గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న నీటిలో పడిన మనిషికి ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ పనికివచ్చేలా కదిలించడానికి పది నిమిషాలు, దేహపు లోపలి ఉష్ణోగ్రత పడిపోయి స్పృహ తప్పే ముందు సుమారు ఒక గంట ఉంటాయి. ఆ గంట కూడా లైఫ్ జాకెట్ తల నీటిపై నిలిపినప్పుడే దక్కుతుంది. కనుక ఉత్తర తీరంలో చన్నీటిలో పడినవారి బ్రతుకును తేల్చేది దక్షిణాది రన్‌వే మీద సిద్ధంగా ఉన్న యంత్రపు సామర్థ్యం కంటే ముందుగా, ఆ గంటలోపు చేరగల దూరంలో శిక్షణ పొందిన మనుషులున్న పడవ ఉందా లేదా అన్నదే. నిపుణుల నైపుణ్యాన్ని ఎవరూ కాదనడం లేదు. 2011 అక్టోబరు 27న ఇగ్లూలిక్ సమీపంలోని హెక్లా జలసంధిలో తెరిచిన పడవలో చిక్కుకున్న ఇద్దరు వేటగాళ్ల కోసం రాత్రివేళ పారాచూట్‌తో దూకిన ముగ్గురు సైనిక రక్షకులలో సార్జెంట్ జానిక్ గిల్బర్ట్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ సాహసాన్ని గౌరవించేవారు అంగీకరించవలసిన సత్యం ఏమిటంటే, దగ్గరలో తగిన పడవ, మనుషులు లేని చోట ఎంతటి నిపుణుడైనా తన ప్రాణంతోనే ఆ లోటు పూడ్చవలసి వస్తుంది.

పెద్ద యంత్రాలపై ఆశ పెట్టుకున్నవారు కొత్త విమానాలు వస్తే ఈ చిక్కు తీరుతుందని అంటారు. కెనడా ప్రభుత్వం 2016 డిసెంబరులో 240 కోట్ల డాలర్లకు 16 కొత్త గాలింపు విమానాలకు ఒప్పందం ప్రకటించింది. వాటి స్థావరాలుగా నిర్ణయించినవి మళ్లీ కోమాక్స్, విన్నిపెగ్, ట్రెంటన్, గ్రీన్‌వుడ్‌లే. విమానం కొత్తదైనంత మాత్రాన విన్నిపెగ్ ఉత్తరానికి జరగదు. నౌకల విషయమూ ఇంతే. 2010 ఆగస్టు 27న కుగ్లుక్‌టుక్ దగ్గర కారొనేషన్ అఖాతంలో క్లిప్పర్ అడ్వెంచరర్ అనే విహార నౌక రాతి దిబ్బకు తగిలి నిలిచిపోయినప్పుడు, అందులోని 128 మంది ప్రయాణికులను దించడానికి మంచును చీల్చే నౌక అమండ్‌సెన్ చేరుకునేసరికి సుమారు రెండు రోజులు గడిచాయి. వాతావరణం ప్రశాంతంగా ఉండబట్టి అది ఘోర విషాదం కాలేదు. 2018 ఆగస్టు 24న కుగారుక్ సమీపంలో అకడమిక్ యోఫె అనే నౌక నేల తగిలినప్పుడు ప్రయాణికులను ఎక్కించుకున్నది అదృష్టవశాత్తూ ఆ ప్రాంతంలోనే తిరుగుతున్న దాని జంట నౌక. రాంకిన్ ఇన్లెట్‌లోని ఒక్క చిన్న పడవ ఈ రెండు నౌకలనూ ఆదుకోగలిగేది కాదన్నది నిజమే. అయితే ఈ ఘటనల నుంచి తీయవలసిన పాఠం పెద్ద నౌకలు వ్యర్థమని కాదు. అవి ఎప్పుడూ తరువాత వచ్చేవేననీ, అవి వచ్చేదాకా ప్రాణాలను నిలిపి ఉంచే ఏర్పాటు స్థానికంగా, ఒక ఊళ్లో కాక అనేక ఊళ్లలో ఉండాలనీ అవి చెబుతున్నాయి.

విద్యార్థులకు అంత బరువైన పని అప్పగించడం ప్రమాదకరమన్నది మరో ఆక్షేపణ. రక్షణ పని చరిత్ర దీనికి అనుకూలంగా లేదు. బ్రిటన్‌లో 1824లో స్థాపితమైన ప్రాణరక్షక పడవల సంస్థ నేటికీ ప్రధానంగా ఆయా ఊళ్ల స్వచ్ఛంద సేవకులతోనే నడుస్తున్నది, వారిలో అధిక సంఖ్యాకులు సముద్ర వృత్తుల నుంచి వచ్చినవారు కారు. వారిని యోగ్యులను చేసేది శిక్షణ, పునశ్చరణ. కెనడా పసిఫిక్ తీరంలోనూ మూలవాసులే మొదటి రక్షకులుగా నిలిచిన సందర్భాలు ప్రసిద్ధం. 2006 మార్చి 22 అర్ధరాత్రి దాటాక క్వీన్ ఆఫ్ ద నార్త్ అనే ప్రయాణికుల నౌక గిల్ ద్వీపాన్ని ఢీకొని మునిగినప్పుడు, హార్ట్‌లీ బే అనే చిన్న గిట్‌గాట్ గ్రామ ప్రజలు తమ చేపల పడవల్లో చీకట్లోకి వెళ్లారు. నౌకలోని 101 మందిలో 99 మంది బ్రతికారు. 2015 అక్టోబరు 25న టొఫీనో దగ్గర తిమింగలాలను చూపించే లెవయథాన్ టూ పడవ బోల్తా పడి ఆరుగురు మరణించగా, మిగిలిన 21 మందిని కాపాడడంలో ముందు నిలిచినవారు అహౌసాట్ మూలవాసి మత్స్యకారులు. ఈ మనుషులను ఎవరూ నియమించలేదు, వారికి జీతం ఇవ్వలేదు, గాలింపు పరికరాలు అందించలేదు. ఆధారాలు ఇలా ఉండగా స్థానికులు ఈ పనికి తగినవారేనా అని సందేహించడం తలకిందులైన తర్కం. వారు ఎలాగూ చేస్తున్న పనికి శిక్షణ, జీతం, బీమా, పరికరాలు ఇవ్వకుండా ప్రభుత్వం ఇంతకాలం ఎలా ఊరుకున్నదన్నదే అడగవలసిన ప్రశ్న.

ఇందులో నుంచే పుట్టిన మరొక ఆక్షేపణ, మూలవాసులకు ప్రాధాన్యమిస్తే ప్రమాణాలు పడిపోతాయన్నది. ఈ ఆక్షేపణ ప్రమాణం అంటే దక్షిణాదిలో కొలిచే ప్రమాణమే అని ముందే నిర్ణయించుకుంటుంది. కెనడా ఆర్కిటిక్ జలాల్లో ఆధునిక ప్రమాణాలకు తగినట్లు సర్వే అయిన భాగం చాలా తక్కువ, ఏడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన చోట్ల పటం చెప్పని దిబ్బలు, పోటుపాటులతో మారిపోయే దారులు, గాలి మళ్లితే తరలివచ్చే మంచు పలకలు తెలిసినవారే పడవను క్షేమంగా నడపగలరు. కనబడకుండా పోయిన వేటగాడు గాలి ఎటు తిరిగితే ఏ దీవి చాటుకు పోయి ఉంటాడో, ఏ కుటుంబం ఏ విడిదికి వెళ్తుందో తెలిసినవారికి గాలించవలసిన విస్తీర్ణమే తగ్గిపోతుంది. ప్రమాదంలో ఉన్న వృద్ధుడు రేడియోలో ఇనుక్‌టిటుట్ భాషలో చెప్పేది దుబాసీ లేకుండా అర్థమైతే నిమిషాలు మిగులుతాయి. ఇవి సాంస్కృతిక అలంకారాలు కావు, వృత్తి అర్హతలు. అయితే ఈ జ్ఞానం రక్తంలో పుట్టుకతో వస్తుందని భావించడం కూడా మరో రకమైన పొరపాటే. ఇకాలూయిట్‌లోనో ఒట్టావాలోనో పెరిగిన ఇన్యూట్ యువతికి రాంకిన్ ఇన్లెట్ దిబ్బలు తెలియకపోవచ్చు. ఆ జ్ఞానం పెద్దల వెంట సముద్రం మీద తిరిగి నేర్చుకోవలసినది, అందుకే స్థానిక వేటగాళ్లను శిక్షకులుగా గుర్తించి జీతమిచ్చే ఏర్పాటు లేని శిక్షణ సగం శిక్షణే.

పైగా ఈ నియామకాలను ప్రభుత్వపు దయగా చూపడం చట్టరీత్యా కూడా నిలవదు. 1993 మే 25న సంతకమైన నునావుట్ ఒప్పందం కెనడా రాజ్యాంగపు రక్షణ గల ఒప్పందం. దాని 23వ అధికరణం నునావుట్‌లోని ప్రభుత్వ ఉద్యోగాల్లో, అన్ని స్థాయిల్లోనూ, జనాభాలో ఇన్యూట్ ప్రజల నిష్పత్తికి తగిన ప్రాతినిధ్యం సాధించే దిశగా చర్యలు తీసుకోవాలని ఫెడరల్ ప్రభుత్వాన్ని, భూభాగ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. భూమిపై హక్కులను వదులుకున్నందుకు ప్రతిగా ఆ ప్రజలు పొందిన మాట అది. చెల్లించవలసిన బాకీలో కొంత చెల్లించినప్పుడు దానిని దానమని ప్రకటించుకోవడం ఏ న్యాయశాస్త్రంలోనూ చెల్లదు.

రెండో పక్షం వారి ఎగతాళిని కూడా ఇదే శ్రద్ధతో పరిశీలించాలి, ఎందుకంటే దాని వెనుక నిజమైన గాయం ఉంది. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం ఉత్తర క్యూబెక్‌లోని ఇనూక్‌జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను రెజొల్యూట్, గ్రీస్ ఫియర్డ్ అనే అత్యుత్తర స్థలాలకు తరలించింది. ఆ కుటుంబాలు అపారమైన కష్టాలు పడ్డాయి, ఉత్తర దీవులపై తన సార్వభౌమత్వాన్ని చాటడానికి మనుషులను జెండా కర్రలుగా వాడుకున్నారన్న ఆరోపణకు ఆ ఉదంతం ప్రతీక అయింది, 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఆర్కిటిక్ మార్గాలపై ప్రపంచపు దృష్టి పెరిగిన ఈ కాలంలో కోస్ట్ గార్డ్ దుస్తుల్లోని ఇన్యూట్ విద్యార్థి మరో జెండా కర్ర కాడా అన్న అనుమానం అందువల్ల అకారణం కాదు. కానీ ఈ అనుమానానికి సమాధానం ఉద్యోగాలను రద్దు చేయడం కాదు. 1953లో తరలింపుకు గురైన కుటుంబాలకు ఎక్కడ ఉండాలో, ఎలా బ్రతకాలో నిర్ణయించే అధికారం లేదు. ఆ అధికారం లేకపోవడమే వారిని ప్రతీకలుగా మార్చింది. పడవను ఏ ఊళ్లో నిలపాలి, కేంద్రం ఎప్పుడు తెరవాలి, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలి అన్న నిర్ణయాలు స్థానిక సంస్థల చేతికి వచ్చినప్పుడు అదే ఉద్యోగం ప్రతీక కాకుండా పోతుంది. ఎగతాళి చేసేవారు కోరవలసినది ఆ అధికారాన్నే; వారు కోరుతున్నది మాత్రం విరమణను, దాని ఫలితంగా మునిగేది ఒట్టావాలోని అధికారులు కారు.

అసలైన లోపాలు ఈ రెండు పక్షాల వాదోపవాదాల మధ్య మరుగున పడ్డాయి. వాటిలో మొదటిది కాలపట్టికకు సంబంధించినది. ఈ ఉద్యోగం విద్యా సంవత్సరాన్ని అనుసరించి అమర్చినది, సెప్టెంబరు నాటికి విద్యార్థులు తరగతులకు తిరిగి వెళ్లవలసినదే. హడ్సన్ అఖాతపు పశ్చిమ తీరంలో మాత్రం నీరు అక్టోబరులోనూ తెరిచే ఉంటుంది, పగలు కుదించుకుపోయి తుఫానులు ముదిరి కొత్త మంచు కట్టే ఆ శరత్కాలమే చిన్న పడవలకు అత్యంత ప్రమాదకరం. హెక్లా జలసంధి ఘటన జరిగినది అక్టోబరు చివరి వారంలోనని గుర్తుంచుకుంటే, కళాశాల క్యాలెండరును సముద్రపు క్యాలెండరుగా భ్రమించడం ఎంత అనర్థమో తెలుస్తుంది. రాంకిన్ ఇన్లెట్ కేంద్రం తరువాతి సంవత్సరాల్లో కాలుష్య నివారణ బాధ్యతలను కూడా చేపట్టే సముద్ర ప్రతిస్పందన కేంద్రంగా విస్తరించడం సరైన దిశలో అడుగే. అయితే ఒక్క కేంద్రపు విస్తరణ తక్కిన ఊళ్లకు పడవను ఇవ్వదు.

రెండో లోపం అర్హతకు సంబంధించినది. ఉన్నత విద్యలో నమోదైనవారికే ఉద్యోగం అన్న నియమం దక్షిణాదిలో తేలికైనది, నునావుట్‌లో కాదు. అక్కడ ఆర్కిటిక్ కళాశాల ఉన్నా పూర్తి స్థాయి విశ్వవిద్యాలయం లేనందున పై చదువులకు అనేకులు వేల కిలోమీటర్ల దూరం పోవలసి వస్తుంది, ఉన్నత పాఠశాల కూడా పూర్తి చేయనివారు చాలామంది. బాల్యం నుంచి సముద్రం మీద గడిపి ప్రతి దిబ్బనూ ఎరిగిన ఇరవై ఏళ్ల వేటగాడు ఈ నియమం వల్ల బయటే ఉండిపోతాడు. మూడో లోపం నిచ్చెన లేకపోవడం. వేసవి ఉద్యోగం ముగిశాక శాశ్వత అధికారి కావాలంటే నోవా స్కోషియాలోని సిడ్నీ నగరంలో ఉన్న కోస్ట్ గార్డ్ కళాశాలకు వెళ్లాలి. 2005 నుంచి ఉత్తరాదిలోనే సముద్ర వృత్తులకు శిక్షణ ఇస్తున్న నునావుట్ మత్స్య, సముద్ర శిక్షణ సంస్థ ఉన్నది కనుక, మెట్టు మెట్టుగా ధ్రువపత్రాలు పొందుతూ సొంత ఊరు విడవకుండా పైకి ఎదిగే మార్గం ఊహాతీతమేమీ కాదు. 1947లో ఏర్పడిన కెనడియన్ రేంజర్లు, అంటే మారుమూల ఊళ్లలో అంశకాలిక వేతనంతో పనిచేసే సైనిక దళసభ్యులు, డిగ్రీలతో నిమిత్తం లేకుండా నేల మీద గాలింపుల్లో దశాబ్దాలుగా పాల్గొంటున్నారు. నేల మీద చెల్లిన పద్ధతి నీటి మీద చెల్లదనడానికి కారణం కనబడదు.

ఈ మూడు లోపాలకూ ఒకే మూలం ఉంది. ఈ ఉద్యోగం యువతకు చేసే ఉపకారమని భావించినవారికి అది వేసవితో ముగియడంలో తప్పు తోచదు, విద్యార్థులకే పరిమితం కావడం సహజంగా తోస్తుంది, దాని తరువాతి మెట్టు ఏమిటన్న ప్రశ్నే పుట్టదు. ఉపకారం ఎంత ఇచ్చినా అధికమే. ఇచ్చినవాడిని గడువు గురించి, ప్రమాణం గురించి ఎవరూ నిలదీయరు. ఈ ఉద్యోగాలను రక్షణ సేవగా గుర్తించిన క్షణం నుంచి మాత్రం ప్రభుత్వం వేరే ప్రశ్నలకు బదులు చెప్పవలసి వస్తుంది: ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో పడవ చేరుతుంది, మంచు కట్టే దాకా అది నీటిలో ఉంటుందా, దానిని నడిపేవారు పదేళ్ల తరువాత కేంద్రాధిపతులు అవుతారా, 25 ఊళ్లలో ఎన్నింటికి ఆ సేవ అందింది. పొగిడేవారూ ఎగతాళి చేసేవారూ కలిసి ఇంతకాలం ప్రభుత్వానికి ఈ లెక్క తప్పించారు. ఉత్తర తీరపు యువతకు ఇప్పుడు కావలసినది పొగడ్తా కాదు, జాలీ కాదు. వారు చేస్తున్న పనికి దక్షిణ తీరంలో ఇచ్చే పేరే ఇచ్చి, ఆ పేరుతో వచ్చే నిధులు, నియమాలు, జవాబుదారీతనం అన్నీ అమలు చేయడం.